పాస్‌పోర్టుకి పెట్టిన బొట్టు

నేను ఒక పాస్‌పోర్టుని. ముదురు నీలం అట్ట, దాని మీద బంగారు రంగు సింహాలు, లోపల విరజ ఫొటో. రాజమండ్రిలో పోస్ట్‌మ్యాన్ అందించగానే ఆమె నన్ను బుగ్గకి ఆనించుకుంది. కొత్త కాగితం వాసనకి కూడా మురిసిపోయే కొత్త పెళ్ళికూతురు!

ఆ రోజు నుంచి ఇంట్లో ఒకటే ముచ్చట. వియత్నాంలో హోయ్ ఆన్ అనే పాత ఊరుందట. నది ఒడ్డున పసుపు గోడల ఇళ్ళు, పొద్దుగూకితే గుమ్మం గుమ్మానికీ రంగు లాంతర్లు. పడవలో దీపం ఎవరు వదలాలన్న దాని మీద విరజ, భర్త భార్గవ్ అన్నాల దగ్గర కూడా తగువులాడుకునేవారు.

"గోదారి ఒడ్డున కాపురముండి, ఇంకో ఏరు చూడ్డానికి అంత దూరమా!" అని అత్తగారు మాణిక్యాంబ వెక్కిరించేది. తీరా ప్రయాణానికి రెండు రోజుల ముందు నన్ను దేవుడి గూట్లో పెట్టింది ఆవిడే.

ఆ ఇంట్లో ఏ కొత్త వస్తువైనా బొట్టు పెట్టించుకోవాల్సిందే. ఫ్రిజ్జుకి తలుపు మీద పెట్టారు. నన్ను మాత్రం మాణిక్యాంబ తెరిచింది. ఫొటోలో కోడలి నుదురు బోసిగా కనిపించిందేమో, తడి పసుపు, దాని మీద కుంకుమ దిద్ది, మూసేసి దణ్ణం పెట్టుకుంది. వద్దని చెప్పడానికి నాకు నోరేదీ?

మర్నాడు నన్ను తెరిచి విరజ కెవ్వుమంది. కుంకుమ తుడిస్తే పోయింది. పసుపు ప్లాస్టిక్ పొరకి పట్టేసి, మొహమంతా పాకింది.

"ఇంకోటి తీసుకునే టైమ్ లేదు. రేపే కదా ప్రయాణం," అన్నాడు భార్గవ్.

"చెల్లదంటావేంట్రా?" అంది మాణిక్యాంబ. ఆవిడ చెయ్యి పమిటకొంగుని నలుపుతూనే ఉంది.

ఉన్నట్టుండి విరజ లేచింది. "అత్తయ్యా, మన మధుపర్కాలు! డాబా మీద ఆరేస్తే పెళ్ళి పసుపంతా ఎండకి పోయిందని ఏడ్చాను, గుర్తుందా?"

డాబా ఎక్కించి నన్ను తెరిచి పెట్టారు. అప్పుడే మబ్బు కమ్మింది. మాణిక్యాంబ భోజనానికి దిగలేదు. కాకులని తోలుతూ, "ఏమే మబ్బూ, మా పిల్ల మొహం మీదే దొరికిందా నీకు చోటు? జరుగు!" అని ఆకాశాన్ని తిట్టింది. ఎండ వచ్చింది, పోయింది, మళ్ళీ వచ్చింది. మరక పలచబడింది గానీ పూర్తిగా పోలేదు.

శంషాబాద్ విమానాశ్రయంలో ఆఫీసరు నన్ను లైటు కింద పెట్టి చూశాడు. విరజ వేళ్ళు భార్గవ్ చొక్కాని గుప్పిట పట్టాయి.

"ఈ పసుపేంటమ్మా?"

"మా అత్తయ్య బొట్టు పెట్టారండీ."

"ఫొటోకా?" ఆయన నవ్వలేదు. విరజ మొహాన్నీ నన్నూ మార్చి మార్చి చూశాడు. ధబ్‌మని ముద్ర పడింది.

"ఈసారి అట్ట మీద పెట్టమనండి."

ఇప్పుడు బీరువాలో మధుపర్కాల మడతలో ఉన్నాను. నాలో హోయ్ ఆన్ వెళ్ళొచ్చిన ముద్రలున్నాయి. వచ్చిన వాళ్ళకి విరజ అవేవీ చూపించదు. నన్ను వెలుగుకి వాల్చి, ఫొటోలో తన నుదుటి మీద ఆ కాస్త పసుపు ఇంకా ఉందో లేదో వెతుకుతుంది. దొరగ్గానే, "అత్తయ్యా, ఉంది!" అని వంటింట్లోకి పరిగెడుతుంది.