నూరు పద్యాల ఆఖరి పాదం

మొదటి పద్యం దగ్గర అచ్చుతప్పేమో అనుకుంది కోటేశ్వరి. రెండోది విని మొహం చిట్లించింది. మూడోది వినేసరికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఆపియ్యే! ఆ ఆఖరి పాదం మళ్లీ సదువు."

మేనకోడలు సత్యశ్రీ కొత్త పుస్తకంలోని బర్మా అక్షరాల మీద వేలు పెట్టుకుని చదివింది. "కలిమి నిచ్చి మమ్ము గాచు వీర. నూరింటికీ ఇదే ఉందత్తా. నాను రాసిచ్చింది ఇది కాదు, ఒట్టు."

వీర అంటే వీరన్న. రేపు ఈ పుస్తకాన్ని ఆవిష్కరించబోయే తెలుగు సంఘం అధ్యక్షుడు ఢిల్లేశ్వరరావు తండ్రి. రంగూన్ అహ్లోన్ రేవులో బస్తాలు మోసి, ఆనక లారీలు కొని పైకొచ్చిన మనిషి. మంచివాడే, ఎవరు కాదన్నారు? అయితే మాత్రం శతకంలో ఆయనకేం పని?

ఆ శతకం కట్టింది కోటేశ్వరి వంశంలోని కూర్మనాథం, రెండు వందల ఏళ్ల కిందట, శ్రీకాకుళం వైపు సముద్రపొడ్డున, అక్కడి దేవుడు కరుణసామి మీద. అప్పట్లో కవి తాటాకు మీద గంటంతో గీసుకోవడమే. అచ్చులో చూసుకోవాలంటే చెన్నపట్నం పోవాలి, పోవాలంటే వెనక ఒక దొర ఉండాలి, ఆ దొర పేరు కృతిలో ఉండాలి. ఒక జమీందారు పిలిచి, "అచ్చు వేయిస్తాను, నీ దేవుణ్ణి తీసేసి నన్ను పెట్టు" అన్నాడట. కూర్మనాథం ఛీ పొమ్మన్నాడు. శతకం అచ్చుకాలేదు. తరవాత ఆ వంశంవాళ్లు రంగూన్ వచ్చే ఓడలో ఉప్పునీరు తగిలి తాటాకులు కుళ్లిపోయాయి. మిగిలింది నోరే.

కోటేశ్వరి తండ్రి రేవుపేట పిల్లలందరినీ కూర్చోబెట్టుకుని నేర్పేవాడు. ఆయన మూడు పాదాలు పాడితే ఆఖరి పాదం పిల్లలంతా ఎత్తుకునేవారు. నూరు పద్యాలూ వచ్చిన మనిషి ఇప్పుడు కోటేశ్వరి ఒక్కతే. ఆమెకు తెలుగు రాయడం రాదు, పేటలో ఎవరికీ రాదు. అందుకే సత్యశ్రీకి లైంగ్‌థార్యార్ బట్టల ఫ్యాక్టరీలో సెలవు దొరికిన ప్రతి ఆదివారం కోటేశ్వరి ఆమె ఫోన్‌లోకి పాడింది. ఆ పిల్ల కూర్చుని బర్మా అక్షరాల్లో రాసింది. తను పోయాక ఉండేది ఈ పుస్తకమొక్కటే. అది కాస్తా ఇలా తగలడింది!

నేరుగా సంఘం గదికి నడిచింది.

"రా అక్కా, కూకో. టీ తెప్పించమంటావా?" అన్నాడు ఢిల్లేశ్వరరావు.

"కూకోడానికి రాలేదు. కరుణసామిని తీసీసి మీ అయ్యని ఎట్టీసావేటి?"

అతను నవ్వాడు. ఆ నవ్వు చూస్తే ఆమెకు ఒళ్లు మండిపోయింది.

"కోపమెందుకక్కా? అచ్చేయించింది నాను కదా. ఆ రోజుల్లో అచ్చేయించినోళ్ల పేరు పద్యంలో ఎట్టేవోరని నువ్వే సెప్పావు. ఆనవాయితీయే కదా."

"ఎట్టేవోరు. మా కూర్మనాథం తాత ఎట్టనన్నాడు! ఎట్టనని కట్టిన పద్యం కూడా ఆ పుస్తకంలో ఉంది. దాని కిందా మీ అయ్య పేరే! అసలు సదివావా నువ్వు?"

చదవలేదని అతని మొహమే చెప్పింది. "మూడొందల పుస్తకాలూ కుట్టడం కూడా అయిపోయింది. ఇప్పుడేటి సేస్తాం? రేపు నువ్వు ఓ పద్యం పాడు, శాలువా కప్పుతాను."

"నీ శాలువా నువ్వే కప్పుకో," అంది కోటేశ్వరి. "పాడతాను. ఆ ఎట్టనన్న పద్యమే పాడతాను."

మర్నాడు పొద్దున్నే హాలు నిండిపోయింది. ముందు వరసల్లో పిల్లలు, ఒక్కొక్కరి చేతిలో ఒక్కో కొత్త పుస్తకం. వెనక వరసల్లో ముసలాళ్లు. కోటేశ్వరి మైకు ముందు నిలబడి, "నలభయ్యో పద్యం" అని చెప్పి గొంతెత్తింది.

అచ్చు వేయుదునని ఆశ చూపితివయ్య
సామి తీసి నన్ను చాటు మనుచు
నిన్ను పాడు నోట నీరైన తాగను

అక్కడ ఆగింది. వెనక నుంచి ముసలాళ్లు ఎత్తుకున్నారు: "కడలి దరిని యున్న కరుణసామి." ముందు నుంచి పిల్లలు పుస్తకం చూసి ఎత్తుకున్నారు: "కలిమి నిచ్చి మమ్ము గాచు వీర." పిల్లల గొంతే పెద్దది. ముసలాళ్ల మాట అందులో మునిగిపోయింది.

కోటేశ్వరి పిల్లల వైపు చూసింది. తను పోయాక జరగబోయేది ఇదే. కళ్లెదుటే జరుగుతోంది.

"పుస్తకాలు ముయ్యండర్రా!" అని అరిచింది. హాలంతా ఉలిక్కిపడింది. "ముయ్యమన్నానా? ఒక్కటి తెరిసుందంటే ఊరుకోను!"

పిల్లలు టపటపా మూసేశారు. ఆమె మళ్లీ పాడింది, ఈసారి ఒక్కో మాటా నొక్కి. నీరైన తాగను అని ఆగేసరికి వెనక వరసలు అందుకున్నాయి. వాళ్లతో పాటు ఆమె పక్కనే, మైకుకి జానెడు దూరంలో, ఓ బొంగురు గొంతు కూడా లేచింది.

"కడలి దరిని యున్న కరుణసామి."

గిర్రున తిరిగి చూసింది. ఢిల్లేశ్వరరావు! శాలువా చేతుల మీద పరుచుకుని, కళ్లు అరమూసుకుని, చిన్నప్పుడు ఆమె తండ్రి ముందు కూర్చుని పాడినట్టే పాడేశాడు. నాలుక కరుచుకున్నాడు గానీ, హాలంతా వినేసింది.

"నీ నోట్లో ఉంది కదరా ఢిల్లీ," అంది కోటేశ్వరి. "నీ నోట్లో ఉన్నదాన్ని, నా పుస్తకంలోంచి ఎలగ పీకీసావురా?"

అతను శాలువా ఆమె వైపు చాపాడు. ఆమె అది పక్కకు నెట్టేసి, సత్యశ్రీని పిలిచి, ఆ పిల్ల చేతిలోని పెన్ను లాక్కుంది. బల్ల మీది పుస్తకం ఒకటి తెరిచి అతని ముందు పడేసింది.

"కూకో. ఆ పాదం కొట్టీసి, పైన సామి పేరున్న పాదం నీ సేత్తో రాయి. నూరు పద్యాలు, మూడొందల పుస్తకాలు. అయిందాకా లేవడానికి లేదు."