మానేరు వాలుగ ఎవరిది

సోమలింగం ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చేసరికి సూరత్ లింబాయత్‌లో సాంచాలు మళ్లీ ఆడుతున్నాయి. అది 2021 మే నెల. రెండో విడత కరోనా ఇంకా పూర్తిగా చల్లారలేదు. అయినా కింది అంతస్తులోని మరమగ్గాల చప్పుడుకు పైనున్న వాళ్ల గది నేల సన్నగా అదురుతూనే ఉంది. ఒకప్పుడు ఆ అదురు లేకపోతే అతనికి నిద్రపట్టేది కాదు. ఇప్పుడు గోడకు వీపు ఆనించి, ఆ చప్పుడుతో తనకేమీ పని లేనట్టు కూర్చునేవాడు.

కరీంనగర్ పక్కన మానేరు ఒడ్డు ఊరు అతనిది. మీసాలు రాకముందే మేనమామ వెంట సూరత్ వచ్చి సాంచాల మీద నిలబడ్డాడు. పెళ్లయింది, కూతురు రుచిత కాలేజీకి వచ్చింది. ఇన్నేళ్లలో జ్వరమొచ్చినా పనికి నాగా పెట్టింది తక్కువ. అలాంటివాడు ఇప్పుడు గది దాటి వరండా చివరనున్న బాత్రూముకు పోవాలంటే భార్య జమున భుజం పట్టుకోవాల్సి వస్తోంది.

మెల్లమెల్లగా నడవాలని, గాలి బాగా పీల్చాలని డాక్టరు చెప్పాడు. మూడు బంతులున్న ఒక ప్లాస్టిక్ డబ్బా ఇచ్చి, గొట్టం నోట్లో పెట్టుకుని పీలిస్తే బంతులు పైకి లేవాలన్నాడు. సోమలింగం దాన్ని కిటికీలో పెట్టాడు. మళ్లీ ముట్టుకోలేదు.

"జర నడువు. రెండడుగులే," అనేది జమున.

"రేపు," అనేవాడు. మరుసటి రోజూ అదే మాట.

పక్క గల్లీలో అతని అక్క బాలవ్వ ఉంటుంది. భర్త పోయాక చీరలకు రాళ్లు అంటించే పని ఇంటికి తెచ్చుకుని చేసుకుంటోంది. ఆమె పొద్దునా సాయంత్రం వచ్చి తమ్ముణ్ణి తిట్టిపోయేది, ఒక్కోసారి బతిమాలేది. అతను వినేవాడు, లేచేవాడు కాదు.

ఒక ఆదివారం జమున చేపల పులుసు చేసింది. ఇంటిల్లిపాదీ తినడానికి కూర్చున్నారు. సోమలింగం ఒక ముక్క నోట్లో పెట్టుకుని పళ్లెం పక్కకు జరిపాడు.

"చాప తిన్నట్టు లేదు. రబ్బరు నమిలినట్టున్నది."

"రోగం పోయింది గని నాలుక ఇంకా రాలే," అంది జమున చిన్నబుచ్చుకుని.

బాలవ్వ ముల్లు తీసుకుంటూ తల ఎత్తకుండానే అంది. "నీ వంట తప్పు గాదు జమునా. మానేరు వాలుగ తిన్న నోరు అది. డ్యాం కింద నేను పట్టిన వాలుగ యాదికున్నదా, లింగా?"

సోమలింగం అక్క వైపు తిరిగి అడిగాడు. "ఎవలు పట్టిండ్రు?"

"నేను."

"నువ్వా?"

"నేను గాకపోతే ఎవలు? గేట్లు వచ్చి ఎత్తుకపోయినయా దాన్ని?"

"నేను పట్టిన," అన్నాడు సోమలింగం.

ఫోను చూసుకుంటున్న రుచిత తలెత్తింది. "అత్తమ్మా, నువ్ ఫిషింగ్ చేసేదానివా? సచ్చీ?"

సూరత్‌లో పుట్టిన ఆ పిల్లకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. బాలవ్వ చెయ్యి కడుక్కుని చెప్పడం మొదలుపెట్టింది.

అప్పటికి మానేరు డ్యాం కొత్తది. వానాకాలం గేట్లు ఎత్తితే నీళ్లు పెళ్లుమని కింద పడి, తెల్లటి నురగై, ఊరిదాకా తుంపర కొట్టేవి. గేట్లు దించాక బండల సందుల్లో మడుగులు మిగిలేవి. పైనుంచి పడిన దెబ్బకు దిమ్మెక్కిన చిన్న చేపలు ఆ మడుగుల్లో తిరుగుతుంటే, వాటిని మింగడానికి కింది నుంచి వాలుగలు ఎదురెక్కి వచ్చేవి. పొడుగ్గా, పొలుసు లేకుండా, మూతి నిండా పళ్లతో మనిషి కాలంత ఉండేవి. ఊళ్లో వాళ్లు వలలతో దిగేవారు. నేతపని వాళ్లింట్లో వలెక్కడిది? మగ్గం మీద మిగిలిన నైలాన్ పోగులు కలిపి తండ్రి గట్టిగా పురి పెట్టి దారం చేసిచ్చాడు. జొన్నబెండు ముక్క, గాలం, వెదురు కట్టె. ఆడపిల్ల గాలం వేయడమేమిటని వాడకట్టులో నవ్వేవారు. బాలవ్వ పట్టించుకోలేదు. డబ్బాలో ఎర్రలు పెట్టుకుని తమ్ముడు వెనకాల నడిచేవాడు.

"గేట్లు మళ్ల ఎత్తేముందు సైరన్ కొడుదురు," అంది బాలవ్వ. "అది ఇనవడంగనే ఒడ్డెక్కి ఉరకాలె. మీ నాయిన ఎన్నిసార్లు చెప్పులు ఇడిసిపెట్టి ఉరికిండో!"

"అసలు ముచ్చట చెప్పు," అన్నాడు సోమలింగం.

"చెప్తున్న గదా. ముసురు పట్టింది ఆ దినం. బతికున్న చిన్న చాపను గాలానికి గుచ్చి మడుగుల ఇడిసిన. బెండు జరసేపు ఊగలే, ఏం లేదు. ఒక్కసారే బుడుంగున మునిగింది. దారం ఉరుకుతాంటే నా అరచెయ్యి కోసుకపోయింది. నెత్తురు. గిది సూడు." చెయ్యి చాపి చూపించింది. రాళ్ల జిగురు అంటిన అరచేతిలో ఏ గీత ఏదో తెలియడం లేదు. "జర పట్టుకొమ్మని కట్టె వీని చేతికిచ్చిన. అంతే. చాప నాది."

"ఇచ్చినవా?" సోమలింగం గొంతు పెరిగింది. "పాచి మీద జారి వెల్లకిల పడ్డవు! కట్టె నీళ్లల్ల కొట్టుకపోతాంటే నేను నడుము లోతు దిగి పట్టుకున్న!"

"పడలే. కూసున్న."

"కూసున్నదంట! రుచితా, నువ్వు సూడు, గిక్కడ బండ," అంటూ అతను గోడ పట్టుకుని లేచాడు. "గిక్కడ నీళ్లు. నేను గిట్ల నిలవడ్డ. అది లోపలికి గుంజుతె దారం ఇచ్చిన. జర సల్లవడంగనే తీసుకున్న. మళ్ల గుంజింది, మళ్ల ఇచ్చిన. ఈమె ఒడ్డు మీద కూసొని 'తెగుతది, తెగుతది' అని ఏడుస్తాంది."

లేని కట్టెను రెండు చేతుల్తో పట్టి వెనక్కి వంగాడు. జమున చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది.

"పప్పా," అంది రుచిత మెల్లగా, "ఆప్ ఖడే హో గయే. నువ్ లేచి నిలబడ్డవ్."

సోమలింగం తన కాళ్ల వైపు చూసుకున్నాడు. అప్పుడు గుర్తొచ్చింది భయం. రొప్పు ఎగదన్నింది. గోడకు జారి కూర్చుండిపోయాడు. జమున పరుగెత్తి నీళ్లు తెచ్చింది. బాలవ్వ మాత్రం కదల్లేదు. తమ్ముడి ఊపిరి నిదానించేదాకా చూసి, అప్పుడు అంది.

"ఈడ తాపీ నది లేదా? కాజ్‌వే కింద జనం గాలాలేస్తరు. చలికాలం పోదాం. వాలుగ ఎవలు పట్టగలిగెటోళ్లో ఆడ తేలుతది."

"నేను బాత్రూముకే పోలేకపోతున్న అక్కా."

"గందుకే చలికాలం అంటున్న. రేపు పొద్దుగాల వస్త. తయారుండు."

జమునకు ఇది నచ్చలేదు. గుమ్మం దాటాక ఆడబిడ్డను ఆపింది. "వదినె, మనిషి బతికొచ్చిండు. నాకు అదే శాన. ఏమన్నైతే?"

"బతికొచ్చినోడు గోడకు కూసునుడేంది జమునా? బతకనియ్యి," అంది బాలవ్వ.

అన్నట్టే మర్నాడు వచ్చింది. వరండాలో సగం దూరం నడిపించింది. అతను గోడ పట్టుకుని ఆగితే తనూ ఆగేది. "గీ దమ్ముతోటి వాలుగ పట్టినవా?" అని ఎత్తిపొడిచేది. ఆ మాటకు అతనికి ఎక్కడలేని రోషం వచ్చేది. కిటికీలోని డబ్బా దుమ్ము దులిపి, పొద్దున్నే గొట్టం నోట్లో పెట్టుకోవడం మొదలుపెట్టాడు. మొదట్లో ఒక్క బంతి కూడా సరిగా లేవలేదు. కొన్నాళ్లకు ఒకటి లేచింది. వరండా చివరిదాకా ఒక్కడే వెళ్లి వస్తున్నాడు.

మెట్ల దగ్గర మాత్రం నడక ఆగిపోయింది. వానలు పడుతున్న ఒక ఉదయం సగం మెట్లు దిగాక ఊపిరి అందలేదు. కళ్లు చీకట్లు కమ్మాయి. కమ్మీ పట్టుకుని చతికిలబడి, "నాతోని గాదు. నన్ను పైకి తీస్కపో," అన్నాడు.

బాలవ్వ పక్కనే కూర్చుంది. "దేనికి ఇంత భయం? చెప్పు."

అతను అప్పుడు చెప్పాడు, ఆ రోజుదాకా ఎవరికీ చెప్పనిది. ఆసుపత్రిలో పక్క మంచం మీద అంబదాస్ అని ఒకాయన ఉండేవాడు. షోలాపూర్ నుంచి వచ్చిన మన నేతాయనే. ఇద్దరూ మాస్కుల్లోంచే తెలుగులో ముచ్చట్లు పెట్టుకునేవారు. ఇంటికి పోయాక ఏం వండించుకోవాలన్నదే అంబదాస్‌కు పెద్ద ముచ్చట. ఒక పొద్దున కొంచెం బాగానే ఉందని, ఎవరికీ చెప్పకుండా ఆక్సిజన్ మాస్కు తీసి బాత్రూముకు నడిచిపోయాడు. తిరిగొచ్చి మంచం మీద కూర్చున్నాడు. సోమలింగం వైపు తిరిగి ఏదో చెప్పబోయాడు. మాట రాలేదు.

"నా కండ్ల ముంగటనే పోయిండక్కా. నడిచి వచ్చుడే అయింది ఆయనకు. నాకు దమ్ము ఆగినప్పుడల్ల గదే యాదికొస్తది."

పైకీ కిందికీ పోయే కార్మికులు వాళ్లను తప్పించుకుంటూ మెట్లు ఎక్కి దిగుతున్నారు. బాలవ్వ తమ్ముడి వీపు మీద చెయ్యి వేసి, అది ఎగసిపడడం తగ్గేదాకా అలాగే ఉంచింది.

"ఆయనది పచ్చి రోగంల నడక. నిన్ను డాక్టరే నడువుమన్నడు," అంది చివరికి. "దమ్ము ఆగుతె కూసుందాం. గిట్లనే. వచ్చినంక లేద్దాం. నాకేం తొందర లేదు. పైకి పోదామా, కిందికి పోదామా?"

సోమలింగం పైకి చూశాడు, కిందికి చూశాడు. ముఖం తుడుచుకున్నాడు.

"కిందికే," అన్నాడు.

ఆ రోజు గల్లీలోకి దిగి, చాయ్ బండి దగ్గర అర కప్పు తాగి వచ్చాడు. తర్వాత మళ్లీ ఎన్నోసార్లు ఆగాడు, కూర్చున్నాడు. భయం ఒక్కసారిగా పోలేదు. వచ్చినప్పుడల్లా అది ఎంతసేపుండి పోతుందో అతనికి తెలిసిపోయింది. దసరా నాటికి షేర్ ఆటోలు ఆగే రోడ్డుదాకా నడిచి పోయి వస్తున్నాడు. మూడో బంతి మాత్రం లేవలేదు. లేవకపోతే పీడాపాయె అనుకున్నాడు.

చలి మొదలైన ఒక ఆదివారం పొద్దున్నే నలుగురూ ఆటో ఎక్కారు. జమున వద్దని చెప్పి చెప్పి, చివరకు నీళ్ల సీసా, మందులు, దుప్పటి సంచిలో పెట్టుకుని తానే ముందు కూర్చుంది. రెండు వెదురు కట్టెలు ఆటో బయటికి పొడుచుకుని ఉన్నాయి.

కాజ్‌వే అంటే తాపీకి అడ్డంగా కట్టిన తక్కువ ఎత్తు ఆనకట్ట, దాని మీద రోడ్డు. పైవైపు నీళ్లు నిండుగా, కదలకుండా ఉన్నాయి. కిందివైపు నది బురద రంగులో పలచగా ఉంది. ఏటవాలు ఒడ్డు మీదుగా సోమలింగం జమున చెయ్యి పట్టుకుని దిగాడు. నీటి వాసన తగలగానే నిలబడిపోయాడు. మానేరులో నురగ వాసన. ఇక్కడ ఉప్పు వాసన.

గాలాలు వేసి చాలాసేపు కూర్చున్నారు. బెండు కదల్లేదు. పక్కన వల సర్దుకుంటున్న ముసలాయన నవ్వాడు. "భరతీ ఆనే దో, భాయ్. మఛ్లీ తభీ ఆయేగీ." సముద్రపు పోటు వస్తేనే చేప వస్తుందని అతని మాట.

అన్నట్టే కాసేపటికి, కిందికి పోతున్న నీళ్లు ఆగి, మెల్లగా వెనక్కి రావడం మొదలైంది. సోమలింగం నోరు తెరిచి చూశాడు. "అక్కా, నది ఎనుకకు వస్తాంది సూడు!"

"సముద్రం తోస్తాంది. నీ గాలం సూసుకో," అంది బాలవ్వ. ఆమె బెండు అప్పటికే ఊగుతోంది. వేలెడంత చేపను పైకి లాగి, రుచిత చప్పట్లు కొడుతుంటే తమ్ముడి వైపు గర్వంగా చూసింది.

అప్పుడే అతని బెండు కనపడకుండా పోయింది.

కట్టె విల్లులా వంగింది. సోమలింగం లేచి మడమలు బురదలో దిగేసి నిలబడ్డాడు. ఇది చిన్నది కాదు. దారం నీళ్లను కోసుకుంటూ పక్కకు ఉరికింది. అతను ఇచ్చాడు. అది ఆగగానే తీసుకున్నాడు. మళ్లీ లాగింది. ఊపిరి ఎగదన్నడం మొదలైంది. పెదవులు ఆరిపోయాయి.

"వదినె, పట్టుకో! ఆయనకు దమ్ము వస్తలేదు!" జమున అరిచింది.

బాలవ్వ చెయ్యి చాపింది.

"ముట్టకు!" అన్నాడు సోమలింగం. "ఎవలూ ముట్టకుండ్రి."

కట్టె వదలకుండానే మోకాళ్ల మీద కూర్చున్నాడు. రెండు మోచేతులూ తొడలకు ఆనించి, నోరు తెరిచి గాలి పీల్చాడు. చేప గుంజుతూనే ఉంది. కాస్త గాలి అందాక కాస్త దారం తీసుకున్నాడు. మళ్లీ ఆగాడు. ముసలాయన వల పక్కన పెట్టి చూస్తున్నాడు. చివరికి నీటి అంచున ఒక బూడిద రంగు వీపు తేలింది. రుచిత బురదలోకి పరుగెత్తబోతే బాలవ్వ ఆపింది. "జెల్ల అది. ముల్లు గుచ్చుకుంటది." తానే కొంగు చేతికి చుట్టుకుని దవడ కింద పట్టి ఒడ్డుకు లాగింది. మోచెయ్యంత జెల్ల, మీసాలు ఆడిస్తూ బురదలో కొట్టుకుంది.

సోమలింగం వెల్లకిలా పడుకుని ఆకాశం చూస్తూ రొప్పుతున్నాడు. జమున తల దగ్గర కూర్చుని నుదురు నిమురుతోంది.

"ఏమైతలే. పోతది గిది. జరసేపుంటె పోతది," అని ఆమెకే ధైర్యం చెప్పాడు.

ఎండ ఎక్కేదాకా అక్కడే ఉన్నారు. పైకి ఎక్కేటప్పుడు భార్య చెయ్యి అందిస్తే, కట్టె చాలన్నాడు. దాన్ని ఊతంగా పట్టుకుని, మధ్యలో ఆగి, మళ్లీ కదిలి, రోడ్డు మీదికి వచ్చాడు.

సంక్రాంతికి వచ్చే పతంగుల పండుగ దాటాక సోమలింగం మళ్లీ పనికి వెళ్లాడు. సాంచాల మీదికి కాదు. అక్కడ ఎగిరే పోగుల నూగు తన ఊపిరికి పడదని తెలుసు. సలాబత్‌పురాలో ఒక దుకాణంలో గుడ్డ మడతపెట్టే పని చూసుకున్నాడు. అది రెండో అంతస్తు. మొదటి రోజు జమున కింది దాకా తోడొచ్చింది. అతను మాస్కు సరిచేసుకుని, కమ్మీ పట్టుకుని, మెట్ల మలుపు దగ్గర కాసేపు ఆగి, పైకి వెళ్లిపోయాడు.