కెప్టెన్ ఇచ్చిన కాఫీ

పొద్దున్నే ఉమ్ వజ్దీ ఇంట్లో కాఫీ గిన్నె పొంగిందంటే, గోడ అవతల ఉమ్ సుభీకి మెలకువ వచ్చినట్టే. ఆవిడ చెప్పులు ఈడ్చుకుంటూ వచ్చి మెట్ల మీద కూలబడుతుంది. ఇద్దరూ రొట్టె తుంచి ఆలివ్ నూనెలో అద్దుకుంటూ, ఊళ్లోవాళ్ల సంగతులు నంజుకుంటారు. ఎన్నేళ్లుగానో ఇదే వరస.

మా దగ్గర కొడుకు పుట్టాక ఆడదాన్ని సొంత పేరుతో ఎవరూ పిలవరు. వజ్దీ తల్లి ఉమ్ వజ్దీ, సుభీ తల్లి ఉమ్ సుభీ, అంతే. మామూలు రోజుల్లో అది ముచ్చటే. మా నేల మీద పడి కూర్చున్న మిలిటరీవాళ్లు ఆ కొడుకులిద్దర్నీ పట్టుకుపోయాక మాత్రం పెద్ద శిక్ష అయిపోయింది. "ఉమ్ వజ్దీ, టమాటాలు కావాలా?" అని కూరలబండివాడు కేకేసినా ఆవిడ గుండె జారిపోతుంది.

పోనీ వాళ్లేం చేశారయ్యా అంటే, రాసుకున్నారు. రాత్రిళ్లు సైనికులు ఇళ్లల్లో పడి పిల్లల్ని పక్కల మీంచి లాక్కుపోతారు కదా, మర్నాడు వీళ్లిద్దరూ ఆ ఇంటికెళ్లి తల్లి దగ్గర కూర్చుని, ఎవరొచ్చారు, ఏం చేశారు, పిల్లాణ్ణి ఎటు తీసుకెళ్లారు, అన్నీ అడిగి రాసుకునేవాళ్లు. మానవ హక్కుల ఆఫీసులో వాళ్ల ఉద్యోగం అదే. చివరికి వాళ్లనీ అలాగే పక్కల మీంచి లేపుకుపోయారు. కేసు లేదు, విచారణ లేదు. ఆరు నెలలు అని ఒక కాగితం. అది అయిపోగానే ఇంకో ఆరు నెలలు. ఎందుకయ్యా అంటే ఫైల్లో ఉందంటారు. చూపించమంటే రహస్యమంటారు.

"దొంగకైతే ఎన్నేళ్లో చెప్తారు. మన పిల్లలు దొంగలపాటి కూడా చెయ్యరా వదినా?" అనేది ఉమ్ సుభీ.

రెండో ఆరు నెలలు అయిపోవస్తుండగా ఉమ్ వజ్దీకి మిలిటరీ క్యాంపు నుంచి పిలుపొచ్చింది. పిలిచింది కెప్టెన్ సామీ. అది అతని అసలు పేరు కాదు, మాకోసం పెట్టుకున్న పేరు. మా భాష మా యాసతో సహా మాట్లాడతాడు. ఎవరి తోడల్లుడు ఎవరో మాకన్నా అతనికే బాగా తెలుసు. ఉమ్ సుభీని పిలవలేదు. ఆవిడ నోటికి జడిసి ఉంటాడని మేం అనుకున్నాం.

బయల్దేరేటప్పుడు ఉమ్ సుభీ ఆవిడ తలగుడ్డ సర్ది, సర్దిన చోటే మళ్లీ సర్దింది. "మావాడి పేరు కూడా ఒక్కసారి ఎత్తు వదినా. మర్చిపోకేం."

"మర్చిపోతానా, పిచ్చిదానా?"

క్యాంపులో బెంచీ మీద నడుం పడిపోయేదాకా కూర్చోబెట్టి, అప్పుడు లోపలికి పిలిచారు. కెప్టెన్ తనే కాఫీ కప్పు తెచ్చి ముందు పెట్టాడు.

"తాగు పెద్దమ్మా. నా చేత్తో నేనే పెట్టాను. యాలకులు కూడా వేశాను. మీవాళ్లకంటే నేనే బాగా పెడతాను, తెలుసా?"

ఉమ్ వజ్దీ కప్పు ఎత్తింది, వాసన చూసింది, మళ్లీ టేబుల్ మీద పెట్టేసింది.

కోరిక మీద వచ్చినవాళ్లు ఇంటాయన మాట ఇచ్చేదాకా కాఫీ ముట్టుకోరు. అది మా పద్ధతి. ముందే తాగేస్తే కోరిక వదులుకున్నట్టే. ముట్టుకోని ఆ కాఫీ చల్లారదు. వెనకటికి మా ఊరి అబూ రిజ్క్, అంటే రిజ్క్ తండ్రి, తన తమ్ముడి కోసం పిల్లనడగడానికి వెళ్తే, పిల్ల తండ్రి అవుననకుండా కాదనకుండా ఆలివ్ కాయలు దులిపి నూనె ఆడించేదాకా నాన్చాడు. అన్నాళ్లూ కిటికీలో కప్పు పొగలు కక్కుతూనే ఉంది. ఆ ఇంటి ఆడవాళ్లు దాని పక్కనే పిండి పెట్టి పులియబెట్టుకున్నారు. నాన్చినాయనకి మాత్రం ఏది తాగినా నోరు కాలేది, బావిలో నీళ్లయినా సరే. కాదనాలంటే అనొచ్చు. కానీ ఎందుకు కాదో, ఉన్నది ఉన్నట్టు, ఎదురుగా చెప్పాలి. చెప్తే కప్పు చల్లబడుతుంది, వచ్చినవాళ్లు లేచి వెళ్లిపోతారు. కారణం చెప్పకుండా ఉత్తినే కాదంటే ఏమీ లాభం లేదు.

కెప్టెన్‌కి ఇందులో మొదటి సగం తెలుసు. వాళ్ల చదువుల్లో ఎక్కడో నేర్పి ఉంటారు. రెండో సగం అతనికి ఎవరూ చెప్పలేదు. మీద పడి కూర్చున్నవాడికి ఎవరు మాత్రం అన్నీ చెప్తారు?

"ఓహో, కోరికా!" అని సరదాగా కుర్చీలో వెనక్కి వాలాడు. "అడుగు పెద్దమ్మా, అడుగు. మీ మర్యాదలు నాకు తెలియనివా?"

"నా కొడుకు వజ్దీని, ఉమ్ సుభీ కొడుకు సుభీని ఇంటికి పంపు."

"చూద్దాం. అంతా మంచే జరుగుతుంది. అయితే బయటికొచ్చాక ఆ రాతకోతలన్నీ మానేస్తారని నువ్వు మాటిస్తే..."

"కాఫీ ముందు కూర్చున్నది నేను బాబూ. అడిగేది నేను, నువ్వు కాదు," అని ఆవిడ లేచి వచ్చేసింది.

ఉమ్ సుభీ వీధి మొగలోనే కాచుకుని ఉంది. "అడిగావా?"

"ఇద్దర్నీ అడిగాను."

"తాగావా?"

"లేదు."

"ఏమన్నాడు?"

"చూద్దామన్నాడు."

ఉమ్ సుభీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఎన్నో నెలల తర్వాత నవ్వింది. "చచ్చాడు పో!"

మిలిటరీ కోర్టులో ఆ ఆరు నెలల కాగితం పొడిగించే రోజు వచ్చింది. తల్లుల్ని బయట ఇనపకంచె దగ్గరే ఆపేశారు. కొడుకుల తరఫు లాయరు నహ్లా లోపలికి వెళ్లి, తిరిగొచ్చేటప్పటికి ఆ పిల్ల మొహంలో అయోమయం.

"పిన్నీ, ఆ కెప్టెన్‌కి ఏదో జబ్బు చేసినట్టుంది. పెదాలన్నీ బొబ్బలు. ఐసు వేసిన నీళ్లు గుక్కెడు తాగి కెవ్వుమని ఎగిరాడు. నన్ను బయటికి పంపించి ఫైలు చూసుకున్నారు, తీర్పు వాయిదా వేశారు. ఆ కెప్టెన్ వరండాలో నన్ను పట్టుకుని, ఆ ముసలావిడతో కాదన్నానని చెప్పు, కప్పు తీసుకుపొమ్మను అన్నాడు."

"ఎందుకు కాదో అడిగావా తల్లీ?" అంది ఉమ్ వజ్దీ.

"అడిగాను. ఫైల్లో ఉందన్నాడు."

"అయితే చల్లారదు," అంది ఉమ్ సుభీ.

ఆ మాటకి ఆ పూట ధైర్యమొచ్చింది గానీ, ఇంటికొచ్చాక ఉమ్ వజ్దీకి కాళ్లూ చేతులూ ఆడలేదు. నోరు కాలినవాడు ఆ మంట ఎవరి మీద తీర్చుకుంటాడు? జైల్లో చేతికి దొరికిన పిల్లల మీదే కదా! అన్నం సయించలేదు. జీపు చప్పుడైతే చేతిలో గిన్నె జారిపోయేది. "వెళ్లి తాగేసి రానా? పీడా వదిలిపోతుందేమో," అంది ఒకరోజు. "నీ ఇష్టం వదినా," అంది ఉమ్ సుభీ. అంతకన్నా ఏమంటుంది? ఆవిడ కళ్ల కింద నల్లగా వలయాలు పడిపోయాయి.

ఒక మధ్యాహ్నం వీధి మొగలో టాక్సీ ఆగింది. అందులోంచి వజ్దీ దిగాడు. గడ్డం పెరిగిపోయి, మనిషి సగమయ్యాడు. జైలువాళ్లు లేసులు తీసేసుకున్న బూట్లు కాళ్లకి వేలాడుతున్నాయి. రెండు చేతులతో ఒక కప్పు పట్టుకుని, తొణక్కుండా, అడుగులో అడుగు వేసుకుంటూ వస్తున్నాడు.

మేడ మీద బట్టలు ఆరేస్తున్న ఉమ్ సుభీ చూసింది. కిందికి పరుగెత్తుకొచ్చి, టాక్సీ లోపలికి తొంగి చూసింది. వెనక సీటు ఖాళీ. ఒక్క క్షణం అలాగే తలుపు పట్టుకుని నిలబడింది. తర్వాత తలెత్తి, పెళ్లిళ్లలో మా ఆడవాళ్లు నాలుక ఆడిస్తూ కూసే సంబరపు కూత వీధంతా వినపడేలా కూసింది. ఆ రోజు మొదటి కూత ఆవిడదే. అది విన్న మాకెవరికీ ఏడుపు ఆగలేదు.

ఉమ్ వజ్దీ కొడుకుని ఒళ్లంతా తడిమి తడిమి చూసుకుంది. మణికట్లకి సంకెళ్ల మచ్చలున్నాయి.

"చెక్‌పోస్టు దగ్గర దింపేసి, ఇది నా చేతిలో పెట్టారమ్మా," అన్నాడు వజ్దీ. "నువ్వు తాగేస్తే ఈ గొడవ ఇంతటితో అయిపోతుందట. తాగకపోతే మళ్లీ నాకోసం వస్తానన్నాడు కెప్టెన్."

అందరూ కప్పు వంక చూశారు. పొగలు వస్తూనే ఉన్నాయి.

"తాగెయ్ వదినా," అంది ఉమ్ సుభీ. "బిడ్డ ఇంటికొచ్చాడు. మళ్లీ వాళ్ల చేతుల్లో పెట్టుకోకు. నేనేమీ అనుకోను. నిజంగా అనుకోను."

తాగెయ్యాలనే ఉంది ఉమ్ వజ్దీకి. గొంతు కాలిపోయినా సరే, ఒక్క గుటకలో మింగేసి, తలుపు గడియ పెట్టుకుని, కొడుక్కి ఇంత అన్నం పెట్టుకోవాలని ప్రాణం కొట్టుకుపోతోంది. కప్పు పెదాల దాకా తీసుకెళ్లింది. అక్కడ ఆగింది.

"సుభీ ఎలా ఉన్నాడురా?"

వజ్దీ తల దించుకున్నాడు. "నా పేరు పిలిచినప్పుడు వాడూ లేచి బట్టలు సర్దుకున్నాడమ్మా. వాడి పేరు కూడా పిలుస్తారేమోనని. తలుపు వేసేసినా నిలబడే ఉన్నాడు."

ఉమ్ వజ్దీ కప్పుని కిటికీ గట్టు మీద పెట్టేసింది.

"నేనడిగింది ఇద్దర్ని," అంది. మొహం చేతుల్లో దాచుకుని గట్టిగా ఏడ్చేసింది. ఉమ్ సుభీ ఆవిడ కాళ్ల దగ్గర కూలబడి మోకాళ్లు కావలించుకుంది.

వజ్దీ ఆ బూట్లకి లేసులు వేసుకోలేదు. ఎలాగూ మళ్లీ తీసేసుకుంటారు కదా అన్నాడు. బట్టలు మార్చుకోకుండానే పడుకునేవాడు. జీపు వీధిలోకి వచ్చేది, వాళ్ల గుమ్మం ముందు ఆగేది, ఇంజను ఆపకుండా కాసేపు ఉండి వెళ్లిపోయేది. ఒకసారి కెప్టెన్ కిందికి దిగాడు కూడా. బుగ్గలు లోపలికి పోయాయి, పెదాలు చిట్లిపోయాయి. కిటికీలో కప్పుని చూశాడు.

"తాగు," అన్నాడు. గొంతు బొంగురుపోయింది.

"ఇంకొకడు రావాలి. కాదంటే ఎందుకో చెప్పు బాబూ. చెప్తే ఇప్పుడే చల్లారిపోతుంది," అంది ఉమ్ వజ్దీ.

అతను వీధిలో నిలబడ్డ మమ్మల్నందర్నీ చూశాడు. తిరిగి జీపెక్కాడు. ఆ రాత్రి ఊళ్లో ఎవరూ నిద్రపోలేదు.

ఆలివ్ కాయలు దులపడం మొదలైన వారంలో, పొలం దారిన కాలినడకన సుభీ వచ్చాడు. ఎందుకు పట్టుకెళ్లారో చెప్పలేదట, ఎందుకు వదిలారో కూడా చెప్పలేదట. చెట్ల కింద ఆడవాళ్లు కాయలతో నిండిన పరదాలు వదిలేసి పరుగెత్తారు. ఉమ్ వజ్దీ మాత్రం ఇంటివైపు పరుగెత్తింది. కప్పు తెచ్చి సగం తను తాగి, సగం ఉమ్ సుభీ చేత తాగించింది. గొంతు కాలలేదు, హాయిగా దిగింది.

"ఛీ, పాకం! ఈ మనిషికి కాఫీ పెట్టడం ఎవరు నేర్పారే?" అంది ఉమ్ సుభీ, కళ్లు తుడుచుకుంటూ.

కొన్నాళ్లకి ఒక ఉదయం పై వీధి నుంచి కబురొచ్చింది. రాత్రి సైనికులొచ్చి రొట్టెలవాడి పిల్లాణ్ణి తీసుకుపోయారట, తల్లి గుమ్మంలో కూర్చుని ఏడుస్తోందట. వజ్దీ, సుభీ ఒకరినొకరు చూసుకున్నారు. తర్వాత తల్లుల్ని చూశారు.

ఉమ్ వజ్దీ లోపలికెళ్లి అంగడిలో కొన్న కొత్త లేసుల జత తెచ్చి కొడుకు ఒళ్లో పడేసింది. "వేసుకో. ఆ బూట్లతో ఎక్కడైనా పడతావ్. కాఫీ తాగి వెళ్లండి ఇద్దరూ."

వాళ్లు నిలబడే గబగబా తాగేసి, మెట్లు దిగి వెళ్లిపోయారు. ఆ రెండు కప్పులూ చేతుల్లో పట్టుకుని, అవి పూర్తిగా చల్లారేదాకా ఆవిడ గుమ్మంలోనే నిలబడింది.