ఉడకని దాల్చా

కరెంటు పోయే ఉంటుంది, తీసేవాళ్లు పొద్దున్నే తీసినా పీడా పోయేది, కుక్కర్ స్విచ్ వేసి బయల్దేరాక తీస్తే ఆ మటన్ ఏమైపోవాలి, మైలవరం కాలేజీలో ఆఖరి క్లాసు చెప్పి బస్సెక్కిన దగ్గర్నుంచీ షహనాజ్‌కి ఇదే గోల, ఇబ్రహీంపట్నం దగ్గర థర్మల్ స్టేషన్ గొట్టాలు పొగ కక్కుతూ కనిపించేసరికి ఒళ్లు మండింది, ఇక్కడింత పొగ, గుణదలలో మా వీధికి మాత్రం కోతలు, పక్కావిడ తన భుజం మీదే నిద్రపోతోంది, లేపాలంటే మనసొప్పదు, తమ్ముడు హబీబ్ కువైట్ నుంచి ఆ స్లో కుక్కర్ మోసుకొచ్చినప్పుడు ఏమన్నాడు, అక్కా, పొద్దున అన్నీ అందులో పడేసి నీ పాటికి నువ్వు వెళ్లిపో, సాయంత్రానికి అదే వండిపెడుతుంది అన్నాడు, అదే వండుతుందట, చీకటితో లేచి శనగపప్పు కడిగిందెవరు, ఉల్లిపాయలు వేయించిందెవరు, అత్తమ్మ సుగ్రా అయితే ఆ కుక్కర్ లోపలి పింగాణీ గిన్నె చూసి, మీకు పొయ్యి ముందు నిలబడ్డం కూడా బరువైపోయిందే అంది, అన్న మనిషే ఆ రాత్రి దాల్చా మారు వడ్డించుకుంది.

గుమ్మంలోనే వాసన తగిలింది, పులిసిన వాసన, కానీ ఫ్యాను తిరుగుతోంది, టీవీలో క్రికెట్ వస్తోంది, కరెంటు ఉన్నట్టేగా, మరి ఇదేమిటి, చెప్పులైనా విప్పకుండా వంటింట్లోకి వెళ్లి మూత తీసింది, ముక్కలు పైన తెల్లబడి లోపల పచ్చిగానే ఉన్నాయి, పప్పు గింజ గింజగా, పైన నురగ, ఈ ఎండల్లో ఇంతసేపు గోరువెచ్చగా పడి ఉంటే పాడవక ఏమవుతుంది, తీగ గోడ వెంట వేలాడుతోంది, దాని కన్వర్టర్ ప్లగ్ లేదు, అది లేనిదే ఆ కువైట్ పిన్ను మన బోర్డులో దూరదు, ఏమండీ, ఇక్కడి ప్లగ్ ఏదీ, కరిముల్లా టీవీ మీంచి చూపు తిప్పకుండానే, ఆటోనగర్ షెడ్డు నుంచి టిఫినుకొచ్చినప్పుడు సెల్‌లో చార్జింగ్ లేదు, తీసి నా కువైట్ చార్జర్‌కి పెట్టా, మళ్లీ పెట్టడం మర్చిపోయాన్లే, అయినా అందులో ఏదో ఉడుకుతోందని నాకు చెప్పాలిగా అన్నాడు, చెప్పాలట, పొద్దున ఇల్లంతా మసాలా వాసన వస్తుంటే దాని పక్కనే నిలబడి టీ తాగిన మనిషికి చెప్పాలట, అత్తమ్మ మంచం మీంచి, పోన్లే, కాస్త పప్పు పడెయ్, ఎంతసేపు అంటోంది, ఎంతసేపులే అని తనకీ నోటిదాకా వచ్చింది, చెయ్యి దానంతటదే కొంగు దోపుకుంటోంది.

అంతలో గిన్నెలో బియ్యం పోసిన చప్పుడు, సబీహా, రేపు పదో తరగతి లెక్కల పరీక్ష పెట్టుకున్న పిల్ల, ఎవరూ అడక్కుండానే లేచి వచ్చింది, నువ్వు కూర్చో అమ్మీ, నేను ఎసరు పెడతా అంటోంది, టీవీ ముందున్న తండ్రి వంక ఒక్కసారైనా చూడలేదు, ఆయన్ని అడగొచ్చని దానికి తోచనేలేదు, ఎలా తోస్తుంది, ఆ మాట ఈ ఇంట్లో ఎప్పుడు వింది గనక, ఇన్నాళ్లూ బస్సుల్లో కూర్చుని తను కరెంటును తిట్టింది, కుక్కర్‌ని తిట్టింది, హబీబ్‌ని కూడా తిట్టింది, ఆ డబ్బా వచ్చాక తనకి తగ్గిన పని ఏమీ లేదు, మిగిలినవాళ్లకి మాత్రం రాత్రికేమిటన్న ఆలోచన కూడా తప్పిపోయింది, సబీహా చేతిలోంచి గిన్నె లాక్కుంది, వెళ్లి చదువుకో, బియ్యంతో సహా తెచ్చి కరిముల్లా ఒళ్లో పెట్టింది, ఈ పూట మీరు వండండి, ఆయన గిన్నె వంకా తన వంకా మార్చి మార్చి చూశాడు, నాకు రాదు షహనాజ్, పక్కన నిలబడి చెప్తాను రండి, అత్తమ్మ ఏదో అనబోయింది, అననీ, వాళ్లంతట వాళ్లకి ఎన్నటికీ తోచదు, అడగాలి, రేపూ అడగాలి, లోపలి గదిలో ఉన్న సబీహాకి వినపడేంత గట్టిగా అడగాలి.