నాలుగు దరువుల విరామం

నేను ఒక అంకెను. బడి కంప్యూటర్లో పాటలు వినిపించే సాఫ్ట్‌వేర్ ఉంది. దాని సెట్టింగుల పేజీ అడుగున, ‘డిస్క్ క్యాష్’ అన్న మాట పక్కన కాపురం ఉంటాను. సీడీలోని పాటను కాస్త ముందుగానే చదివి దాచిపెట్టడం నా పని. ఎంత పెద్ద అంకెనైతే అంత ఎక్కువ దాస్తాను. నన్ను తయారుచేసినవాళ్లు ఐదు వందలుగా పంపారు. కంప్యూటరు నెమ్మదిగా నడుస్తోందని డ్రిల్లు మాస్టారు సన్యాసిరావు గారు నన్ను పదికి దించేశారు. కంప్యూటరు వేగం పెరగలేదు. తాను ఇంజినీరునన్న నమ్మకం మాత్రం ఆయనకు పెరిగింది.

బడికి ఉన్న కోలాటం సీడీ ఒక్కటే. దాన్ని తాళాలగుత్తితో కలిపి జేబులో వేసుకుని, గీత పడేలా చేసిన ఘనులు కూడా మాస్టారే. రెండో చరణంలో ఆ గీత దగ్గర సీడీ చదవడం ఆలస్యమై, నేను దాచింది అయిపోయేది. పాట నాలుగు దరువుల సేపు ఆగిపోయేది. నెల రోజుల సాధనలో ఎనిమిది మంది ఆడపిల్లలూ ఆ విరామాన్ని కూడా నేర్చేసుకున్నారు. కోలలు పైకెత్తి, ఊపిరి బిగబట్టి నిలబడేవారు. పాటే అంత అనుకున్నారు మాస్టారు. రెండు చెవులున్నాయి ఆయనకు, అలంకారానికి.

మండలం పోటీల రోజు కంప్యూటర్ని ఆటోలో తీసుకెళ్లారు. ఓడిపోతే బడిలో ఇక కోలాటమే ఉండదని హెడ్మాస్టరు ముందే చెప్పేశారు. అక్కడ మైకు సెట్టు అతను నన్ను చూసి నవ్వాడు.

“ఇంత తక్కువేటండీ మాస్టారూ? పాట ఆగిపోద్ది,” అని మళ్లీ ఐదు వందలు చేశాడు.

“నేనూ అదే అనుకుంటన్నానయ్యా,” అన్నారు మాస్టారు. ఆయన అనుకుంటున్నది పందిరి వెనక వండుతున్న ఉప్మా గురించి.

ఒకసారి పాట వేసి చూశారు. గీత మీదుగా నున్నగా సాగిపోయింది. వరసలో చివర నిలబడే పైడితల్లి పరుగున మాస్టారి దగ్గరికి వచ్చింది. పట్టుమని పది మాటలు మాట్లాడని పిల్ల.

“మాస్టారండీ... పాట ఆగలేదండీ.”

“ఆగకపోతే మంచిదే కదేటే గుంటా! ఎల్లి జడేసుకో.”

మాస్టారు ఉప్మాకి వెళ్లారు. మైకతను ఎక్కడ నొక్కాడో ఆ పిల్ల చూసిపెట్టుకుంది. నన్ను పదికి దించి, ఏమీ ఎరగనట్టు వెళ్లి వరసలో నిలబడింది.

రెండో చరణంలో పాట ఆగింది. పదహారు కోలలు గాల్లో ఆగాయి. పాట మళ్లీ అందుకోగానే అన్ని కోలలూ ఒక్క చప్పుడుతో కలిశాయి. మొదటి బహుమతి వాళ్లదే.

“ఆ విరామం ఎవరి ఆలోచనండీ?” అని అడిగారు న్యాయనిర్ణేత.

“మనదేనండి,” అన్నారు మాస్టారు. “నెల్లాళ్లు కూకుని ఆలోచించాను.”

మర్నాడు ఆ సంబరంలో, జిల్లా పోటీలకని, మాస్టారు అదే పాట సీడీ కొత్తది కొనుక్కొచ్చారు. అద్దంలా మెరుస్తోంది. ఒక్క గీత లేదు.

పైడితల్లి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత జీవితంలో మొదటిసారి, బడంతా వినపడేలా అడిగింది:

“మాస్టారండీ, మీ తాళాలగుత్తి ఓపాలి ఇత్తారా?”