మాట మార్చొచ్చు

యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన ఆ దర్జీ ఆవిడకు ఈ గది తీరు అంతుపట్టలేదు. మెత్తటి కుర్చీలు, బల్ల మీద మంచినీళ్ళు, ఎదురుగా మనసు బాధలు విని ఊరటనిచ్చే, కూతురి వయసున్న కౌన్సిలరమ్మ. ఇదేం ఆఫీసో, వారం వారం అదే ప్రశ్న.

"నిద్ర పడుతోందా అమ్మా?"

"ఇల్లు కూలినప్పటి నుంచి కంటి మీద కునుకు లేదు," పొల్లు పోకుండా అప్పజెప్పింది ఆవిడ. సరిహద్దులో కూడా అధికారులు అడిగిందే అడిగారు. ఒక్క ముక్క తేడా వచ్చిందని తోడికోడల్ని వెనక్కి పంపేశారు.

"ఎప్పుడడిగినా అక్షరం మారదేంటమ్మా?"

"మారిస్తే తిప్పి పంపెయ్యరూ?"

కౌన్సిలరమ్మ కలం పక్కన పెట్టింది. "ఇక్కడ మాట మార్చొచ్చమ్మా. కాస్త నయంగా ఉంటే నయంగా ఉందనే చెప్పండి."

ఆవిడ బుర్ర గిర్రున తిరిగింది. మాట మార్చమనే ఆఫీసు కూడా ఉంటుందా? ఇది ఇంకో రకం ఉచ్చు కాదు కదా? తలుపు వైపోసారి చూసి గొంతు తగ్గించింది.

"నిన్న మధ్యాహ్నం కుట్టుమిషను మీదే తల వాల్చి, ఒళ్ళు తెలీకుండా నిద్రపోయాను. అంతమాత్రాన... మా ఇల్లు కూలడం అబద్ధమైపోదు కదమ్మా?"