ఓదెలు చదువు

ఊర్మిల హైదరాబాద్‌లో కెమికల్ ఇంజనీరింగ్ పిల్లలకు ఫుడ్ ప్రాసెసింగ్ చెప్పేది. ఎరువుల ఫ్యాక్టరీల్లో ఉద్యోగాల మీద కన్నేసిన ఆ పిల్లలకు అది ఉత్త వంటింటి పాఠం. వెనక బెంచీల్లో నవ్వులు వినబడేవి. ఓదెలు ఒక్కడే ముందు కూర్చునేవాడు. క్లాసు అయిపోయాక కూడా వరండాలో ఆమె వెంటపడి ఏదో ఒకటి అడిగేవాడు. సిరిసిల్ల నేతపనివాళ్ల పిల్లవాడు. తండ్రి లేడు. తల్లి బాలవ్వ మగ్గాలకు నూలు కండెలు చుట్టి చదివిస్తోంది.

ఎనభైల నడుమ సంగతి. అడవుల్లో నక్సలైట్ల దళాలు, రోడ్ల మీద పోలీసులు. అయినా ఆ ఎండాకాలం మొదట్లో ఊర్మిల పిల్లల్ని బస్సులో తన సొంతూరు కోరుట్లకు తీసుకెళ్లింది. పసుపు ఉడకబెట్టడం చూపిస్తే పాఠం బుర్రకెక్కుతుందని ఆశ.

పెద్ద కొప్పెరలో పసుపు కొమ్ములు కుతకుతమంటున్నాయి.

"ఎండబెట్టేదే అయితే ముందుగాల ఉడకబెట్టుడెందుకు మేడమ్?" అన్నాడు ఓదెలు.

"ఉడికితే లోపలి పొరలు మెత్తబడ్తయి, తడి జల్ది బయటికొస్తది. మనం బోర్డు మీద చేసే లెక్క గిదే."

నవ్వే పిల్లలు కూడా ఆవిరిలోకి వంగి చూశారు. పాఠం చెప్పి అంత సంతోషపడ్డ రోజు ఊర్మిలకు మరొకటి లేదు.

తిరుగుదారిలో, జగిత్యాల దాటాక పోలీసులు బస్సు ఆపారు.

"సిరిసిల్ల పోరడెవడు?"

ఓదెలు లేచాడు. హాస్టల్లో ఏవో విప్లవ మీటింగులకు పోయాడని వాళ్ల మాట. ఊర్మిల అడ్డం నిలబడింది.

"మా స్టూడెంట్ సార్. నా ఎంబడి వచ్చిండు, నా ఎంబడే పోతడు."

"రెండు మాటలడిగి పంపిస్తం. మీకెందుకు పరేషాన్?"

"మీరు పోండ్రి మేడమ్, నేనొస్త" అన్నాడు ఓదెలు. అతన్ని జీపులో ఎక్కించుకుపోయారు.

పిల్లల్ని తోటి లెక్చరర్‌కు అప్పగించి, జీపు పోయిన దిక్కున వాకబు చేసుకుంటూ ఊర్మిల ఒక ఠాణా ముందు తేలింది. లోపలికి రానివ్వలేదు. గేటు దగ్గరే కూర్చుంది. చివరికి ఒక కానిస్టేబులు వచ్చి చెప్పాడు.

"గా పిలగాన్ని ఇడిసిపెట్టినం. సిరిసిల్ల బస్సెక్కిండు."

ఆమె నమ్మింది. ప్రాణం కుదుటపడింది. అయినా కళ్లతో చూస్తే తప్ప మనసొప్పక తనూ సిరిసిల్ల బస్సెక్కింది. దీపాలు పెట్టే వేళకు ఆ ఇల్లు పట్టుకుంది.

"నా కొడుకు రాలే బిడ్డా" అంది బాలవ్వ. "మీతోనే ఉన్నడనుకున్న."



మర్నాడు రేడియో చెప్పింది: అడవిలో ఎదురుకాల్పులు, ఒక తీవ్రవాది మృతి, పేరు ఓదెలు. అతను ముందురోజు తనతో బస్సులోనే ఉన్నాడని, పోలీసులే దింపి తీసుకుపోయారని ఊర్మిల అధికారుల ముందు చెప్పింది. రాసుకున్నారు. అంతే. కాలేజీలో ముందు బెంచీలో మళ్లీ ఎవరూ కూర్చోలేదు.

దినాల నాడు ఆమె సిరిసిల్ల వెళ్లింది. నా కొడుకును ఎక్కడ విడిచిపెట్టి వచ్చినవని తల్లి నిలదీస్తుందనుకుంది. బాలవ్వ మాత్రం ఆమె చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

"బిడ్డా, నా కొడుకు ఏం సదివెటోడో నాకెరుకలేదు. అడిగితె, నీకు సమజ్ కాదవ్వా అని నవ్వెటోడు. నువ్వన్న చెప్పు."

ఊర్మిల ఆమె వైపు తిరిగింది. "అన్నం వండేటప్పుడు గింజ ఉబ్బుతది గదా అవ్వా. వేడికి దాని లోపల..." అని మొదలుపెట్టి, ముందుకు సాగలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఆపకు బిడ్డా" అంది బాలవ్వ, కళ్లు తుడుచుకోకుండానే. "నాకు సమజైతంది. చెప్పు."